తొలేదో గద్ద: సైకిలు మీద కొండలెక్కిన ఫెదెరికో బహమోంతెస్



మన హాస్టల్లో సైకిలు తెలియని విద్యార్థి ఉండడు. తొక్కడం రానివాడు ఉండొచ్చేమో గానీ, వెనక క్యారియర్ మీద కూర్చుని ఊరు దాటనివాడు మాత్రం ఉండడు. మన కాలువ గట్ల మీద గడ్డిమోపులు, పాల క్యాన్లు, కొబ్బరికాయలు, చేపల బుట్టలు ఎన్నో ఏళ్లుగా మోస్తున్నది ఈ సైకిలే. అలా సైకిలు మీద మొదట బస్తాలు మోసి, తర్వాత అదే సైకిలుతో తన దేశంలో అంతకుముందు ఎవరూ తేలేని బహుమతి తెచ్చిన మనిషి ఒకడున్నాడు. పేరు ఫెదెరికో బహమోంతెస్. దేశం స్పెయిన్. సంచికకు వ్యాసం కావాలని కబురు వచ్చినప్పుడు, క్రికెట్ గురించి ఎవరో ఒకరు ఎలాగూ రాస్తారు కదా అని, మన పత్రికల్లో పెద్దగా కనిపించని ఈ మనిషి గురించి రాయాలనిపించింది.

ముందు పందెం సంగతి చెప్పాలి. టూర్ డి ఫ్రాన్స్ అనేది ప్రపంచంలోకెల్లా పేరున్న సైకిలు పందెం. 1903లో మొదలైంది. ఫ్రాన్స్ దేశమంతా చుట్టివచ్చే ఈ పందెం సుమారు మూడు వారాలు సాగుతుంది. ఒక ఊళ్లో బయలుదేరి నూటయాభై, రెండు వందల కిలోమీటర్ల అవతల ఇంకో ఊళ్లో ఆగుతారు. మర్నాడు మళ్లీ బయలుదేరతారు. ఏ రోజుకారోజు ఎవరికెంత సమయం పట్టిందో రాసుకుంటారు. అన్ని రోజులూ కలిపితే ఎవరి సమయం తక్కువో వాడే విజేత. అంటే ఒకరోజు ఫస్టు రావడం వేరు, మొత్తం మీద ఫస్టు రావడం వేరు. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాడు క్లాసు ఫస్టు కాకపోవచ్చు కదా, అలాగన్నమాట. మొత్తం మీద ముందున్నవాడికి పసుపుపచ్చ చొక్కా ఇస్తారు.

ఇది కాక కొండల బహుమతి అని వేరే ఉంది. దారిలో వచ్చే ప్రతి కొండ కొసనా ముందుగా చేరినవాళ్లకు కొన్ని పాయింట్లు వేస్తారు. చివరకు ఎక్కువ పాయింట్లు వచ్చినవాణ్ణి కొండల రాజు అంటారు. ఈ బహుమతిని 1933లో పెట్టారు. మొదటిసారి గెలిచినవాడు కూడా స్పెయిన్‌వాడే, విసెంతె త్రూయెబా. ఇప్పుడు టీవీలో కనిపించే తెల్లచొక్కా మీద ఎర్రచుక్కలు 1975లో వచ్చాయి. బహమోంతెస్ కాలంలో కొండల రాజుకు ప్రత్యేకమైన చొక్కా ఏమీ లేదు. ఈ రెండు బహుమతులకూ ఉన్న తేడా గుర్తుపెట్టుకోండి, ఇతని కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

సైకిలు మీద కొండ ఎక్కడం అంటే ఏమిటో మన డెల్టావాళ్లకు చెప్పడం కొంచెం కష్టమే. సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తులో పుట్టి పెరిగినవాళ్లం. మనకు తెలిసిన ఎత్తు అంటే రాజమండ్రి రోడ్డు కం రైలు వంతెన ఎక్కే వాలు. 1974లో ఆ వంతెన వచ్చిన దగ్గర్నుంచి బస్తా వేసుకుని దాన్ని ఎక్కలేక సైకిలు దిగి నెట్టినవాళ్లు ఎందరో. అదే వంతెన మధ్యకు వెళితే వాలు ఉండదు గానీ గోదావరి మీంచి వచ్చే ఎదురుగాలి మనిషిని ఆపేస్తుంది. ఈ రెండూ అనుభవమైతే సైకిలు పందెం భౌతికశాస్త్రం సగం తెలిసినట్లే.

సమతలం మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయేవాడి బలంలో పదికి ఎనిమిది, తొమ్మిది పాళ్లు గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది. అందుకే అక్కడ అందరూ గుంపుగా పోతారు. ముందువాడి వెనక నక్కి పోయేవాడికి మూడోవంతు దాకా శ్రమ తగ్గుతుంది. మంచి జట్టు ఉన్నవాడు తనవాళ్లను ముందు పెట్టి హాయిగా వెనకే పోవచ్చు. కొండ మీద లెక్క తిరగబడుతుంది. వేగం 15 కిలోమీటర్లకు పడిపోతుంది, గాలి బాధ దాదాపు పోతుంది, పదికి ఎనిమిది పాళ్లకు పైగా బలం తన బరువునూ సైకిలు బరువునూ పైకి లేపడానికే పోతుంది. అక్కడ చూడవలసింది ఎంత బలం ఉందని కాదు, కిలో బరువుకు ఎంత బలం ఉందని. బక్కపలచని మనిషికి గుండె, ఊపిరితిత్తులు గట్టివైతే పహిల్వాన్లాంటివాణ్ణి వదిలేసి పోగలడు. జట్టు సాయం కూడా అక్కడ అంతగా పనిచేయదు. ఎవరి కొండ వాళ్లే ఎక్కాలి.

ఇంక ఆ కొండలు ఎంతెంత ఉంటాయంటే, ఫ్రాన్స్‌కూ స్పెయిన్‌కూ మధ్య పిరనీస్ పర్వతాల్లో తూర్మలే అనే కనుమ ఎత్తు 2,115 మీటర్లు. మన ఆంధ్రప్రదేశ్‌లోకెల్లా ఎత్తైన శిఖరం కూడా 1,700 మీటర్లు దాటదు. బస్సులో తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కినవాళ్లు గుర్తు తెచ్చుకోండి. కింది నుంచి పైకి వెయ్యి మీటర్లు కూడా లేచి ఉండం. తూర్మలే మీద 17, 19 కిలోమీటర్లు ఏకధాటిగా తొక్కుతూ పన్నెండు వందల మీటర్లకు పైగా లేవాలి. అది దిగాక అదేరోజు ఇంకో కొండ ఉంటుంది.

అలాంటి చోట బహమోంతెస్‌ను పట్టుకోగలిగినవాడు తన కాలంలో ఒక్క షార్లీ గోల్ మాత్రమే అనేవారు. గోల్‌ది లక్సెంబర్గ్ అనే చిన్న దేశం. బహమోంతెస్‌కు 'తొలేదో గద్ద' అని పేరు పెట్టారు. మనకు గద్ద అంటే కోడిపిల్లల్ని ఎత్తుకుపోయేది. వాళ్లకు ఎత్తున ఒంటరిగా ఎగిరే పక్షి.

ఇతను 1928 జూలై 9న తొలేదో దగ్గర ఒక పల్లెలో పుట్టాడు. పూర్తి పేరు అలెహాంద్రో ఫెదెరికో మార్తిన్ బహమోంతెస్. స్పెయిన్‌లో తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ పెట్టుకుంటారు. మార్తిన్ తండ్రిది, బహమోంతెస్ తల్లిది. ప్రపంచానికి తెలిసింది తల్లి ఇంటిపేరుతోనే. తండ్రి రోడ్డు పనివాడు. పిల్లవాడికి ఎనిమిదేళ్లప్పుడు, 1936లో అంతర్యుద్ధం మొదలైంది. కుటుంబం ఊరు వదిలి పారిపోయింది. 1939లో యుద్ధం ముగిసి ఫ్రాంకో నియంతృత్వం వచ్చాక మొదలైన కరువు ఏళ్ల తరబడి సాగింది. ఆ దేశంలో రేషన్ పద్ధతి 1952 దాకా తీసెయ్యలేదంటే ఎంత కరువో ఊహించుకోండి. తిండి దొరక్క పిల్లుల్ని తిన్న రోజులున్నాయని అతనే ముసలితనంలో చెప్పుకున్నాడు.

కుర్రవాడు తొలేదో కూరగాయల మార్కెట్‌లో బస్తాలు మోశాడు. ఒక పాత సైకిలు కొనుక్కున్నాడు. అది పందేల కోసం కాదు. పల్లెల్లో పిండి, శనగలు, రొట్టెల్లాంటివి కొని, పోలీసుల కంట పడకుండా పట్నం తెచ్చి దొంగబజారులో అమ్మడానికి. తొలేదో కొండ మీద కట్టిన ఊరు, చుట్టూ నది. ఎటు పోయినా దిగాలి, తిరిగి రావాలంటే బరువుతో ఎక్కాలి. ఆ రోజుల్లోనే టైఫాయిడ్ వచ్చి చాలాకాలం మంచాన పడ్డాడు.

ఇక్కడ నాకొక మాట చెప్పాలనుంది. ఇలాంటివాళ్ల కథ చెప్పినప్పుడల్లా సభల్లో పెద్దలు ఆకలే ఛాంపియన్లను తయారుచేస్తుంది అంటారు. నాకు ఆ మాట మింగుడుపడదు. ఆ కరువులో స్పెయిన్‌లో లక్షలమంది పిల్లలు బస్తాలు మోశారు. వాళ్లంతా ఏమయ్యారు? మా ఇంట్లో డిగ్రీ గడప దాటింది నేనొక్కడినే. మా పెదనాన్న కొడుకు లెక్కల్లో నాకంటే చురుకైనవాడు. టెన్త్ తర్వాత రొయ్యల చెరువు కాపలాకు వెళ్లాడు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఆకలి ఇద్దరికీ ఒకటే. నాకు హాస్టల్లో సీటు దొరికింది, అన్నయ్యకు దొరకలేదు. బహమోంతెస్ విషయంలో ఆకలి ఇచ్చింది టైఫాయిడ్. అతని చేతికి ఒక సైకిలు రావడం, ఊళ్లో పందేలు జరగడం, గెలిస్తే కూలికంటే ఎక్కువ డబ్బు రావడం, ఇవన్నీ కలిస్తే గానీ అతను సైక్లిస్టు కాలేదు. ఇంకా ఒకటి కూడా కావలసి వచ్చింది. అది ముందు ముందు చెబుతాను.

1954లో స్పెయిన్ జట్టులో మొదటిసారి టూర్ డి ఫ్రాన్స్‌కు వెళ్లాడు. అప్పట్లో కంపెనీ జట్లు కాకుండా దేశాల జట్లే పోటీ చేసేవి. వెళ్లిన మొదటిసారే కొండల రాజు అయ్యాడు. మొత్తం మీద మాత్రం 25వ స్థానం. ఆ ఏడాది జరిగిన ఒక సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. రొమేయేర్ అనే కనుమ కొసకు అందరికంటే ముందు చేరాడు. చేరినవాడు దిగిపోకుండా సైకిలు ఆపి, అక్కడ అమ్ముతున్న ఐస్‌క్రీమ్ కొనుక్కుని తింటూ వెనకవాళ్ల కోసం చూస్తూ నిలబడ్డాడు! కొందరు పొగరు అన్నారు, కొందరు పిచ్చి అన్నారు. చక్రం చువ్వలు విరిగాయి, బాగుచేసే జట్టు కారు రావాలి, ఊరికే నిలబడేదెందుకని ఐస్‌క్రీమ్ తిన్నాను అని తర్వాత అతను చెప్పాడు. చక్రం విరిగిందన్నది నిజమే కావచ్చు. కానీ ఆ కథ జనానికి నచ్చడానికి వేరే కారణం ఉంది. అది అతని స్వభావానికి అతికినట్టు సరిపోయింది. కొండ దిగడమంటే అతనికి భయం. ఎక్కడంలో సంపాదించిన నిమిషాలు దిగడంలో పోగొట్టుకునేవాడు. పైకి ముందు చేరడమే అతనికి పండగ, ఆ తర్వాత ఏమైనా పట్టేది కాదు.

1956లో నాలుగో స్థానం దాకా వచ్చాడు. ఇటలీలో జరిగే జీరో, స్పెయిన్‌లో జరిగే వుయెల్తా అనే మరో రెండు పెద్ద పందేల్లో కూడా కొండల బహుమతి గెలిచాడు. మూడింట్లోనూ గెలిచిన మొదటి మనిషి ఇతనే. అయినా మొత్తం మీద విజేత అని ఎవరూ అనుకునేవారు కాదు. సొంత జట్టులోనే హెసూస్ లొరోన్యోతో పడేది కాదు. 1957 వుయెల్తాలో లొరోన్యో మొదటివాడు, ఇతను రెండోవాడు. ఆ పగ చల్లారకుండానే ఇద్దరూ అదే ఏడాది టూర్‌కు వెళ్లారు. బహమోంతెస్ మధ్యలో చెయ్యి నొప్పితో సైకిలు దిగిపోయాడు. జట్టు నాయకుడు లూయిస్ పూయిచ్ భార్య పేరు చెప్పి, దేశం పేరు చెప్పి, ఆఖరికి ఫ్రాంకో పేరు కూడా చెప్పి బతిమాలాడు. ఇతను బూట్లు విప్పి పడేశాడు. బూట్లు లేకపోతే ఎవరూ ఎక్కమనరు కదా! 1958లో తిరిగి వచ్చి రెండు దశలు గెలిచాడు, కొండల బహుమతి మళ్లీ తెచ్చుకున్నాడు, ఎనిమిదో స్థానం.

అప్పటికి వయసు ముప్పై. ఇంకొకడైతే అలాగే కొండలకు రాజుగా రిటైర్ అయ్యేవాడు. ఇటలీ మహా సైక్లిస్టు ఫౌస్తో కొప్పి తొలేదో వైపు వేటకు వచ్చినప్పుడు కథ మారింది. కొప్పి 1949లోనూ 1952లోనూ టూర్ గెలిచినవాడు. చిన్న చిన్న కొండల పాయింట్ల కోసం బలమంతా తగలేయడం మానుకుంటే టూర్ మొత్తం గెలవగలవు అని ఇతనికి చెప్పాడు. తన పేరుతో ఉన్న జట్టులోకి తీసుకున్నాడు. ఇందాక నేను చెబుతానన్నది ఇదే. ఆ ఎత్తు ఎక్కి వచ్చిన మనిషి ఒకడు నీకూ చేతనవుతుంది అని చెప్పడం. మన దగ్గరే చూడండి, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. వాళ్ల ధైర్యం వాళ్లదే, కాదనను. వాళ్లను ఎంపిక చేసి, డార్జిలింగ్ పంపి తర్ఫీదు ఇప్పించకపోతే ఆ ధైర్యం ఊళ్లోనే ఉండిపోయేది.

1959 టూర్ జూన్ 25న మొదలైంది. మొత్తం 4,300 కిలోమీటర్లకు పైగా దూరం. ఫ్రాన్స్ జట్టులో మహామహులు. జాక్ ఆంకెతిల్ 1957లో గెలిచినవాడు. రోజే రివియేర్ గంట పందెంలో ప్రపంచ రికార్డు ఉన్నవాడు. లూయిజోన్ బోబే మూడుసార్లు గెలిచిన పెద్దాయన. (ఈ బోబే ఆ ఏడు ఇజెరాన్ అనే చాలా ఎత్తైన కనుమ దాకా ఎక్కి, అక్కడే సైకిలు దిగి టూర్‌కు శాశ్వతంగా సెలవు చెప్పాడు.) బహమోంతెస్ ఈసారి మారిన మనిషిలా తొక్కాడు. సమతలం మీద ముందు గుంపును వదలలేదు. ఒరియాక్ వెళ్లే రోజు ఎండకు షార్లీ గోల్ కుదేలై ఇరవై నిమిషాలు పోగొట్టుకున్నాడు. ఇతను మాత్రం ముందువాళ్లతోనే ఉన్నాడు.

తర్వాత పూయి ద దోమ్ వచ్చింది. అది చల్లారిన అగ్నిపర్వతం, ఎత్తు 1,465 మీటర్లు. చివరి నాలుగైదు కిలోమీటర్లు నిచ్చెనలా ఉంటుంది. ఆ రోజు పందెం ఒక్కొక్కరినీ విడివిడిగా వదిలి గడియారంతో కొలిచేది. దూరం 12.5 కిలోమీటర్లు. ఎవరి వెనకా నక్కడానికి లేదు. బహమోంతెస్ మొదటివాడుగా వచ్చాడు. గోల్ 26 సెకన్ల వెనక. ఆంకెతిల్, రివియేర్ ఇద్దరికీ మూడు నిమిషాలకు పైగా నష్టం. పన్నెండు కిలోమీటర్లలో మూడు నిమిషాలంటే మామూలు సంగతి కాదు. రెండు రోజుల తర్వాత గ్రెనోబుల్ దారిలో గోల్‌తో కలిసి అందరినీ వదిలేశాడు. ఆ రోజు పందెం గోల్‌ది, పసుపు చొక్కా బహమోంతెస్‌ది.

ఆ తర్వాత జరిగింది దాచిపెడితే కథ అబద్ధమవుతుంది. ఆల్ప్స్ పర్వతాల్లో దిగేచోట ఇతను మళ్లీ వెనకబడ్డాడు. ఆ సమయంలో ఫ్రాన్స్‌వాళ్లు గట్టిగా తరిమి ఉంటే చొక్కా పోయేదే. అయితే ఇతని తర్వాత ఉన్నవాడు ఆన్రీ ఆంగ్లాద్. అతనూ ఫ్రెంచివాడే గానీ ప్రాంతీయ జట్టులో ఉన్నాడు. అతను గెలిస్తే తమ గిరాకీ పడిపోతుందని ఆంకెతిల్, రివియేర్ భయపడ్డారు. టూర్ తర్వాత ఊరూరా జరిగే పందేల్లో ఎవరికెంత డబ్బన్నది టూర్ ఫలితాన్ని బట్టి, ఏజెంట్లను బట్టి ఉండేది. తమవాడు గెలవడం కంటే స్పెయిన్‌వాడు గెలవడమే నయమనుకుని వాళ్లు తరమలేదు. 1959 జూలై 18న పారిస్‌లో పందెం ముగిసింది. బహమోంతెస్ విజేత. ఆంగ్లాద్ 4 నిమిషాల 1 సెకను వెనక రెండోవాడు, ఆంకెతిల్ మూడోవాడు. పారిస్ జనం సొంతవాడైన ఆంకెతిల్‌ను చూసి ఈలలు వేసి గేలి చేశారు.

కాబట్టి ఇది దానంగా వచ్చిన గెలుపని కొందరు రాశారు. నేను ఒప్పుకోను. పూయి ద దోమ్ మీద ఆ మూడు నిమిషాలు ఎవరూ దానం చెయ్యలేదు.

టూర్ గెలిచిన మొదటి స్పెయిన్‌వాడు ఇతనే. తొలేదోలో జనం వీధుల్లో కిక్కిరిసిపోయారు. జూలై 18 ఫ్రాంకో తిరుగుబాటు చేసిన రోజు, ప్రభుత్వ పండగ. ఆకలితో మాడిన పిల్లవాడి గెలుపును ఆ ఆకలికి కారణమైన ప్రభుత్వమే తన ఖాతాలో వేసుకుంది. కొప్పి మాత్రం ఎక్కువ కాలం బతకలేదు. ఆఫ్రికాలోని అప్పర్ వోల్టా వెళ్లి మలేరియా తెచ్చుకున్నాడు. డాక్టర్లు దాన్ని పోల్చుకోలేకపోయారు. 1960 జనవరి 2న, నలభై ఏళ్లకే పోయాడు. జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోమని మన ఏజెన్సీ ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు పోరుతుంటారే, అది ఆ మహానుభావుడికి జరగలేదు.

1962, 1963, 1964 మూడేళ్లూ బహమోంతెస్ కొండల రాజే. 1963లో మొత్తం కూడా గెలిచేవాడు. ముప్పై అయిదేళ్ల వయసులో ఆల్ప్స్‌లో ఒకరోజు పసుపు చొక్కా కూడా తొడిగాడు. మర్నాడు షమొనీ వెళ్లే దారిలో నిటారు కొండ ఉంది. తేలిక సైకిలు కావాలని ఆంకెతిల్‌కు తెలుసు. సైకిలు చెడితే తప్ప మార్చకూడదని నియమం. ఆంకెతిల్ జట్టు నాయకుడు జెమినియాని ఉపాయం పన్నాడు. సరిగ్గా కొండ మొదట్లో గేరు తీగ తెగింది. అంటే తెంపారు. తేలిక సైకిలు మీద ఆంకెతిల్ ఇతని వెనకే అంటిపెట్టుకుని ఎక్కి, చివర్లో దాటేసి ఆ దశ గెలిచాడు, చొక్కా తీసుకున్నాడు. పారిస్‌లో తేడా 3 నిమిషాల 35 సెకన్లు. బహమోంతెస్‌కు రెండో స్థానం. 1964లో మూడోవాడు. 1965లో పిరనీస్ కొండల్లోనే టూర్ మధ్యలో వదిలేసి, ఆ ఏడాదే పందేలు మానేశాడు. మొత్తం ఆరుసార్లు కొండల రాజు, ఏడు దశల విజేత.

తర్వాత తొలేదోలో సైకిళ్లు, మోటారు సైకిళ్ల దుకాణం నడిపాడు. కుర్రవాళ్ల కోసం తొలేదో చుట్టూ ఒక పందెం పెట్టి దశాబ్దాల పాటు తనే చూసుకున్నాడు. బెల్జియంవాడు లూసియెన్ వాన్ ఇంపె 1983లో ఆరోసారి కొండల బహుమతి గెలిచి, బహమోంతెస్ మీద గౌరవంతో ఏడోదానికి పోటీ పడలేదంటారు. 2004లో ఫ్రాన్స్‌వాడు రిషార్ వీరెంక్ ఏడు చేశాడు. అతను అసలు కొండలెక్కేవాడే కాదని ముసలాయన చివరిదాకా సణుగుతూనే ఉన్నాడు. 2013లో ఎకీప్ అనే ఫ్రెంచి క్రీడాపత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల బృందం టూర్ చరిత్రలో కొండలెక్కినవాళ్లలో ఇతనే గొప్పవాడని తేల్చింది. 2018లో తొలేదోలో అతని విగ్రహం పెట్టారు, దాన్ని అతనే స్వయంగా చూసుకున్నాడు. 2023 ఆగస్టు 8న, తొంభై అయిదేళ్ల వయసులో కన్నుమూశాడు. అప్పటికి బతికి ఉన్న టూర్ విజేతల్లో అతనే అందరికంటే పెద్దవాడు.